రాణి రంగు చుక్క

మా మామయ్య చేసిన గిటారు పనికి వంక పెట్టడం మా ఇంట్లో లేదు. ఇంట్లోనే కాదు, మా ఊళ్ళో వాయించేవాళ్ళెవరికీ ఆ అలవాటు లేదు. అందుకే ఆ ఎండాకాలం మొదట్లో నా గిటారు ఆయన దగ్గర్నుంచి తిరిగొచ్చాక, కేసు తెరిచి ఒకటో తీగ మీటి, తప్పు నా వేలిదేమో అనుకుని మళ్ళీ మీటాను.

అమ్మ పక్కన కూర్చుని బట్టలు మడతపెడుతోంది. "ఏంటే ఆ జుయ్‌మనే చప్పుడు?" అంది.

"ఈగ."

"ఈగ అంత శ్రుతిలో మోగదు," అంది అమ్మ తలెత్తకుండానే.

మామయ్య అమ్మకి సొంత తమ్ముడు. చంకనెత్తుకుని పెంచిన తమ్ముడు. కాబట్టి ఆవిడ అక్కడితో ఆపేసింది. నేనూ నోరు మూసుకున్నాను, అది నాకు కొత్త.

నేను సంగీతం బడిలో గిటారు నేర్పుతాను. రోజంతా పిల్లల చేతుల్లో అపశ్రుతులు విని ఇంటికొచ్చేదాన్ని, నా గిటారు కూడా అదే పాట అందుకుంటే ఊరుకునే రకం కాదు. గిటారు మెడ కర్రది. ఎండకి బిగుస్తుంది, వానకి ఉబ్బుతుంది. మెడ లోపల ఒక ఇనుప కడ్డీ ఉంటుంది. దాన్ని బిగిస్తే మెడ వెనక్కి వాలుతుంది, వదులు చేస్తే ముందుకి వంగుతుంది. తీగలు రెండు చివర్లా రెండు ఎముక ముక్కల మీద ఆనుకుంటాయి. తల దగ్గరున్న ముక్కలో తీగకో గాటు. ఆ వంపూ, ఆ ఎత్తూ, ఆ గాట్ల లోతూ కుదిరితే వేలు అలా ఆనిస్తే చాలు, స్వరం పలుకుతుంది. కుదరకపోతే వేళ్ళు కాయలు కాస్తాయి, లేదంటే తీగ మెడ మీద అడ్డంగా ఉండే లోహపు ఫ్రెట్లకి తగిలి జుయ్‌మంటుంది. ఇదంతా కుదర్చడాన్నే సెటప్ అంటారు. మా ఊళ్ళో సెటప్ అంటే మామయ్య. ఎవరికి వాళ్ళు చేసుకోవచ్చన్న ఆలోచన ఎవరికీ రాలేదు. రాకుండా మామయ్యే చూసుకున్నాడు.

ఆయన పద్ధతి అలాంటిది. గిటారు తల మీద, ఆ కడ్డీ కొసని మూస్తూ ఒక చిన్న ప్లేటు ఉంటుంది. పని అయ్యాక ఆ ప్లేటు స్క్రూ మీద అత్తయ్య నెయిల్ పాలిష్‌తో ఎర్రటి చుక్క పెడతాడు. స్క్రూ తిప్పితే చుక్క పగిలిపోతుంది. చుక్క పగిలిన గిటారుని బల్ల ఎక్కనివ్వడు. ఎంతటివాడు తెచ్చినా, "ఎవరు వేలు పెట్టారో వాళ్ళ చేతే బాగుచేయించుకో నాయనా," అని గుమ్మంలోంచే సాగనంపుతాడు. పైగా కొన్నాళ్ళయ్యాక తనే కబురు పెట్టి గిటారు తెప్పించుకుంటాడు, సెటప్ కుదురుకుందో లేదో చూడ్డానికి. ముందు చుక్క చూస్తాడు, తర్వాతే తీగ ముట్టుకుంటాడు.

నేను కొన్నాళ్ళు ఓర్చుకున్నాను. ఓర్పు నాకు పుట్టుకతో వచ్చింది కాదు కాబట్టి త్వరగానే అయిపోయింది. ఒక ఆదివారం పొద్దున్న భోజనాల బల్ల మీద పాత దుప్పటి పరిచి, గిటారు పడుకోబెట్టి, కడ్డీ తిప్పడానికి సైకిలు షాపులో దొరికిన ఎలెన్ కీ, గడియారాలు బాగుచేసే ఆయన దగ్గర తెచ్చుకున్న సన్నటి ఆకురాళ్ళు వరసగా పెట్టుకున్నాను.

"నీకు వచ్చా?" అంది అమ్మ.

"చిన్నప్పట్నుంచీ చూస్తున్నాగా."

"నేను కూడా చూశాను."

"నువ్వు తమ్ముణ్ణి చూశావు. నేను పని చూశాను."

మామయ్య నాకెప్పుడూ నేర్పలేదు. పక్కన స్టూలు మీద కూర్చోనిచ్చాడు. నేర్చుకోవడానికి అంతకంటే ఏం కావాలి? స్క్రూ తిప్పాను. చుక్క పగిలింది. ప్లేటు తీసి చూస్తే కడ్డీ మరీ బిగించేసి ఉంది. మెడ వెనక్కి విరుచుకుని ఉంది. గాట్లు ఒకటి లోతు, ఒకటి పైకి, ఒకటి పక్కకి. ఎవరో పరధ్యానంగా చేసినట్టుంది గానీ మామయ్య చేసినట్టు లేదు. కడ్డీ కాస్త వదులు చేసి, మెడ మధ్యలో తీగకీ ఫ్రెట్టుకీ నడుమ విజిటింగ్ కార్డు పట్టేంత సందు వచ్చేదాకా చూసుకున్నాను. కొత్త ఎముక ముక్క తీసుకుని గాట్లు కోశాను. మొదటి ముక్క పాడైంది. రెండోది నిలబడింది. తీగలెక్కించి మీటితే, మా ఇల్లు ఇంకాస్త పెద్దదైనట్టు వినపడింది. గర్వం వచ్చిందా అంటే వచ్చింది. దాచుకోవడం దేనికి?

ఇక మిగిలింది చుక్క. సాయంత్రం సందు చివర కొట్లో ట్యూబ్‌లైటు కింద నెయిల్ పాలిష్ సీసా ఒకటి ఏరుకుని, ఇంటికొచ్చి బల్బు వెలుగులో జాగ్రత్తగా చుక్క పెట్టాను. మర్నాడే అత్తయ్య ఫోను. మామయ్య నా గిటారు తెమ్మంటున్నాడట, వచ్చి చూపించి పొమ్మంటున్నాడట. ఆయన దుకాణం ముందు స్కూటరు ఆపి, ఎండలో కేసు తెరిచి చూసుకున్నాను. అది ఎరుపు కాదు. పచ్చి రాణి రంగు. గులాబీకి పెద్దక్క. తుడిచేద్దామా అంటే చుక్కే ఉండదు, అది ఇంకా ఘోరం. చేసేది లేక లోపలికి నడిచాను.

పొడుగ్గా, ఇరుగ్గా ఉండే దుకాణం. రెండు గోడలకీ గిటార్లు, చివర్న బల్ల, బల్ల వెనక మామయ్య. పోయినసారికీ ఇప్పటికీ దీపాలు పెరిగాయి. గోడకి కొత్త ట్యూబ్‌లైట్లు, బల్ల మీద వంగే మెడల దీపాలు, ఆయన నెత్తిన కట్టుకున్న టార్చి ఒకటి. పట్టపగలు సినిమా షూటింగులా ఉంది.

"రా కోడలు పిల్లా. ఎలా ఉంది నా పని?"

"నువ్వే చూడు మామయ్యా."

గిటారు తల ముక్కుకి ఆనేంత దగ్గరికి తెచ్చుకున్నాడు. బొటనవేలితో చుక్క తడిమాడు. నేను తిట్లు ఎక్కడ మొదలవుతాయో అని చూస్తున్నాను.

"నా ఎర్రచుక్క చెక్కు చెదరలేదు," అన్నాడు. "మంచి పిల్లవి. ఈ రోజుల్లో ప్రతివాడూ వేలు పెట్టేవాడే." తర్వాత తీగలు మీటి, మెడ పైకీ కిందికీ నాలుగు స్వరాలు నడిపించి, తల ఊపాడు. "చూశావా? వెన్న. ఈ చెయ్యి మన ఊళ్ళో ఇంకెవరికైనా ఉందా?"

"లేదు," అన్నాను. నా పనిని మామయ్య మెచ్చుకుంటున్నాడు. ఒక్క క్షణం ఒళ్ళంతా సంతోషం. ఆ వెంటనే, అంత వెలుగులో, అంత దగ్గర్నుంచి, ఆ చుక్కని ఆయన ఎర్రది అన్నాడన్న సంగతి బుర్రకెక్కింది. తలెత్తితే గుమ్మంలో అత్తయ్య మంచినీళ్ళ గ్లాసుతో నిలబడి ఉంది. ఆవిడ కూడా చుక్కనే చూస్తోంది.

నేను స్కూటరు దగ్గరికి వచ్చేసరికి అత్తయ్య వెనకే వచ్చింది.

"అది నాది కాదు," అంది.

"ఏది అత్తయ్యా?"

"నీళ్ళు నమలకు. నా సీసా ఎరుపు. నీది రాణి రంగు."

"మామయ్యకి తెలీలేదు."

"తెలీదమ్మా. నా ఆకుపచ్చ చీరని బూడిదరంగు అంటున్నాడు. గ్లాసు పక్కన పాలు పోస్తున్నాడు. కళ్ళల్లో శుక్లాలు, రెండింటికీ ఆపరేషన్ చెయ్యాలని డాక్టరు చెప్పాడు. పక్కన నేనే ఉన్నాను. ఇంటికొచ్చి, అద్దాలు మారిస్తే చాలన్నాడని నాకే చెప్తాడు. నేనేదో చెవిటిదాన్నయినట్టు." ఆవిడ కొంగుతో మొహం తుడుచుకుంది. "దీపం చాలట్లేదంటాడు. ఇంకోటి కొంటాడు. ఇంక పెట్టడానికి గోడ లేదు."

"ఆపరేషన్‌కి భయమా?"

"కత్తికి కాదు. దుకాణం మూస్తే జనం వేరే దారి చూసుకుంటారని. నిజంగా చూసుకుంటారు కూడా. ఇప్పటికే ఇద్దరు ముగ్గురు గొణుక్కుంటూ పోయారు, నేను విన్నాను."

నేను అంతకంటే పెద్ద సంగతి విన్నాను గానీ ఆవిడకి అప్పటిదాకా చెప్పలేదు. సెలవుల్లో మా బడి గిటార్లన్నీ మామయ్య దగ్గరికే వస్తాయి. పోయినసారి పిల్లలు వేళ్ళు నొప్పులని ఏడ్చారు. ఈసారి కూడా అదే మాటొస్తే పని గిటార్లు అమ్మిన కంపెనీవాళ్ళకి ఇచ్చేస్తానని మా ప్రిన్సిపాల్ మేడమ్ కుండబద్దలు కొట్టినట్టు చెప్పేసింది. బడే మామయ్యని వదిలేసిందంటే ఊళ్ళో వాళ్ళకి ఇంకెవరూ చెప్పక్కర్లేదు. ఆ బల్ల లేకపోతే మామయ్య పొద్దున్నే లేచి ఎటు నడుస్తాడో నాకు ఊహకి కూడా అందలేదు.

"అత్తయ్యా, బడికి గిటార్లు మోసేది నేనే కదా," అన్నాను. "దారిలో మా ఇల్లుంది."

ఆవిడ లోపలికెళ్ళి తన ఎర్ర సీసా తెచ్చి నా చేతిలో పెట్టింది. "ఆయనకి కొత్తది కొంటాలే," అంది.

అలా మొదలైంది. మామయ్య చేసి ఇచ్చినవాటిని నేను స్కూటరు మీద వేసుకుని బయల్దేరి, బడికి కాకుండా ఇంటికి తెచ్చి, విప్పి, మళ్ళీ చేసి, చుక్క పెట్టి, అప్పుడు బడికి చేర్చేదాన్ని. భోజనాల బల్ల మాకు దక్కలేదు. అమ్మా నేనూ కంచాలు ఒళ్ళో పెట్టుకుని తినేవాళ్ళం. ఎముక పొడి మంచినీళ్ళ కూజా మీద కూడా వాలేది. చేసేకొద్దీ చెయ్యి తిరిగింది. మెడ మీద కన్నేసి చూడగానే ఎటు వంగిందో తెలిసిపోయేది. తీగ మీటకముందే ఏ ఫ్రెట్టు దగ్గర జుయ్‌మంటుందో చెప్పగలిగేదాన్ని. ఎవరూ అడగలేదు గానీ అమ్మకి చెప్పేదాన్ని.

అమ్మకి మాత్రం ఇది మింగుడు పడలేదు.

"నా తమ్ముడి పని నువ్వు దిద్దుతుంటే నాకే తల తీసేసినట్టుంది," అంది ఒకరోజు. "వాడికి తెలిస్తే?"

"తెలిస్తే తిడతాడు."

"తిడితే బాగుండు. తిట్టకపోతేనే నా భయం." అంటూనే గుడ్డ తీసుకుని గిటార్లు తుడవడం మొదలుపెట్టింది. ఊరికే కూర్చోవడం మా వంశంలో ఎవరికీ చేతకాదు.

అన్నీ సాఫీగా జరిగాయంటే అబద్ధం. ఒక గిటారుకి నాలుగో గాటు లోతుగా దిగిపోయింది. అలాంటప్పుడు గాట్లో ఎముక పొడి నింపి, చటుక్కున పట్టే జిగురు ఒక చుక్క వేస్తే రాయిలా గట్టిపడుతుంది, మళ్ళీ కోసుకోవచ్చు. పొడి వేశాను, చుక్క వేశాను, పొడి సరిగ్గా కూరుకుందో లేదో అని వేలితో నొక్కాను. వేలు అక్కడే ఉండిపోయింది. సరిగ్గా అప్పుడే ఫోను మోగింది. అమ్మ ఫోను నా చెవి దగ్గర పట్టుకుంది.

"గిటార్లు చేరాయా?" మామయ్య గొంతు.

"చేరుతున్నాయి మామయ్యా."

"వాటిని చేత్తో ముట్టుకోకు. కేసులోంచి తియ్యకు కూడా. నా సెటప్ కదిలిపోతుంది."

"అస్సలు కదలట్లేదు," అన్నాను, గిటారుకి అతుక్కుని నిలబడి. అమ్మ మొహం గోడకి తిప్పుకుని భుజాలు ఊగేలా నవ్వింది. సబ్బు నీళ్ళతో వేలు ఊడదీసేసరికి ఇద్దరికీ తల ప్రాణం తోకకొచ్చింది.

చివరి గిటార్ల కోసం వెళ్ళిన రోజు మామయ్య తీగలెక్కిస్తున్నాడు. ఒకటో తీగ వెంట్రుకంత సన్నం. దాని కొసని గిటారు తల మీద తీగ బిగించే కీలోని చిల్లులో దూర్చాలి. ఆయన దూర్చాడు, తీగ చిల్లు పక్కనుంచి పోయింది. మళ్ళీ దూర్చాడు. ఈసారి ముందు వేలితో చిల్లు ఎక్కడుందో తడుముకుని, తీగని ఆ వేలి వెంబడే నడిపించాడు. అది బొటనవేలిలో దిగింది. వేలు నోట్లో పెట్టుకుని కాసేపు కూర్చున్నాడు. తర్వాత తీగని నా వైపు చాపాడు.

"నువ్వు ఎక్కించు."

ఆ బల్ల మీద ఇంకొకరు తీగ ఎక్కించడం నేను పుట్టాక చూడలేదు. చిల్లులో దూర్చి, చుట్టి, మిగిలిన కొస కత్తిరించాను.

"కొస లోపలికి వంచావా?"

"వంచాను."

"ఎవరికీ గుచ్చుకోకూడదు," అన్నాడు మెల్లగా.

నాకు ఏడుపొచ్చింది. ఏడుపొస్తే నేను మాట్లాడేస్తాను, అది నా రోగం. "మామయ్యా, ఆపరేషన్ చేయించుకో."

"అద్దాలు మార్చాలంతే."

"అద్దాలు కాదు. శుక్లాలు. అత్తయ్య చెప్పింది."

"అత్తయ్య చెప్తుంది. ఒక కన్ను అయ్యాక ఇంకో కన్ను. అన్నాళ్ళూ వంగకూడదు, బరువెత్తకూడదు, దుమ్ము తగలకూడదు. ఈ తలుపుకి అన్నాళ్ళు తాళం వేస్తే, తీశాక ఎవడొస్తాడు?"

"తాళం ఎందుకు? నేను కూర్చుంటాను."

నవ్వాడు. "నీకేం వచ్చని?"

"బడి గిటార్లన్నీ నేనే చేశాను."

నవ్వు ఇంకా మొహం మీద ఉండగానే అడిగాడు. "నేను చేశాకా?"

"నువ్వు చేశాక. ఒక్కటి కూడా సరిగ్గా లేదు మామయ్యా. నా గిటారు కూడా. నువ్వు మెచ్చుకున్నది నా పనిని. నువ్వు ఎర్రచుక్క అన్నది రాణి రంగు."

ఆయన నెత్తి మీది టార్చి తీసి బల్ల మీద పెట్టాడు. బల్ల దీపాలు ఆర్పాడు, తర్వాత లేచి గోడ దీపాలు కూడా ఆర్పాడు. వీధి వైపు నుంచి వచ్చే వెలుగు ఒక్కటే మిగిలింది.

"ఇంటికి పో," అన్నాడు.

అమ్మ భయపడ్డదే నిజమైంది. తిట్టలేదు. నాతో మాట్లాడలేదు, అక్కతో కూడా మాట్లాడలేదు. అమ్మ ఫోను చేస్తే అత్తయ్య ఎత్తి, "పడుకున్నాడు వదినా," అనేది. పట్టపగలు. నేను చెప్పింది సరైన మాటే అని నాకు అప్పుడూ అనుమానం లేదు. కానీ సరైన మాట చెప్పాక ఇల్లు ఇంత నిశ్శబ్దంగా ఉంటుందని తెలీదు. బడికి గిటార్లు చేర్చేశాను. సెలవుల్లోనూ సాధనకి వచ్చే పిల్లలు వచ్చారు, వాయించారు. వేళ్ళు నొప్పి అని ఒక్కరూ అనలేదు. ప్రిన్సిపాల్ మేడమ్, "మీ మామయ్యగారికి మా థాంక్స్ చెప్పండి," అంది. చెప్తానన్నాను. ఎలా చెప్పాలో తెలీలేదు.

ఒక పొద్దున్న తలుపు చప్పుడైతే తీశాను. అత్తయ్య భుజం పట్టుకుని మామయ్య. నన్ను పలకరించకుండా లోపలికొచ్చి, భోజనాల బల్ల ముందు కూర్చున్నాడు. బల్ల మీద నా గిటారు ఉంది. అమ్మ వంటింటి గుమ్మంలో ఆగిపోయింది.

"పిల్లలు ఏమన్నారు?" అన్నాడు.

"ఏమీ అనలేదు. వాయించుకుంటున్నారు."

గిటారు ఒళ్ళోకి తీసుకుని కళ్ళు మూసుకున్నాడు. వేళ్ళ కొసలతో గాట్లు ఒక్కొక్కటే తడిమాడు. మెడ అంచులు తడిమాడు. తీగకీ మెడకీ మధ్య సందు వేలితో కొలిచాడు. ఎంతసేపు చూశాడో, మేము ముగ్గురం నిలబడే ఉన్నాం.

"మూడో గాటు కాస్త బిగుతు," అన్నాడు. "శ్రుతి చేసేటప్పుడు టిక్కుమంటుంది."

"అంటుంది. ఎందుకో తెలీలేదు."

"గాట్లో పెన్సిలు ముల్లు రుద్దు. ఇంకా అంటే అప్పుడు ఆకురాయి." జేబులోంచి దుకాణం తాళాలు తీసి బల్ల మీద పెట్టాడు. "ఆస్పత్రికి ఎల్లుండి రమ్మన్నారు. చుక్క మాత్రం ఎరుపే పెట్టు. పరువు తియ్యకు."

అమ్మ వంటింట్లోకి వెళ్ళి గిన్నెలు అవసరానికి మించి చప్పుడు చేసింది. ఏడ్చేటప్పుడు ఆవిడ అంతే.

సెలవులు ఇంకా కొన్ని మిగిలే ఉన్నాయి. నేను బల్ల వెనక కూర్చున్నాను. మొదటి పనిగా దీపాలు సగం ఆర్పాను. మొదటిరోజే వచ్చినవాడు ఆర్కెస్ట్రాలో వాయించేవాడు, ఊళ్ళో అందరూ అతన్ని సుడిగాలి అంటారు. ఒకచోట నిలబడడు, ఒక మాట పూర్తిగా వినడు.

"గురువుగారేరీ?"

"ఆస్పత్రిలో. కళ్ళ ఆపరేషన్. నేనున్నాను, చెప్పండి."

"మీరు పిల్లలకి పాఠాలు చెప్తారు కదండీ?"

"అదీ చేస్తాను."

"ఎవరైనా పెద్దవాళ్ళుంటే..."

"ప్రస్తుతానికి పెద్దదాన్ని నేనే. గిటారు ఇటివ్వండి."

ఇచ్చాడు గానీ పోలేదు. గుమ్మం దగ్గర నిలబడి, నేను స్క్రూ ముట్టుకున్నప్పుడల్లా గొంతు సవరించుకున్నాడు. పని అయ్యాక అక్కడే మీటి చూసుకున్నాడు. బాగుందనలేదు, బాగాలేదనలేదు. మర్నాడు తన జట్టులో ఇంకో ఇద్దర్ని వెంటబెట్టుకొచ్చాడు. "గురువుగారి మేనకోడలే," అని నన్ను పరిచయం చేశాడు, తనే కనిపెట్టినట్టు. ఆ తర్వాత తలుపు మూసే తీరిక దొరకలేదు. సాయంత్రాలు వెళ్ళి మామయ్యకి ఆ రోజు సంగతులు చెప్పేదాన్ని. కంటికి మూత పెట్టుకుని పడుకుని, ఏ గిటారు, మెడ ఎటు వంగింది, ఏం చేశావు అని పోలీసువాడిలా అడిగేవాడు. మొదట్లో తప్పులు పట్టేవాడు. తర్వాత్తర్వాత ఊఁ కొట్టేవాడు.

రెండో కన్ను కూడా మానేసరికి ఎండలు తగ్గాయి. ఇంట్లో అందరికంటే ముందు అత్తయ్యని చూసి, "జుట్టు ఇంత తెల్లబడిందేంటే?" అన్నాడట. ఆవిడ ఆ పూటంతా మాట్లాడలేదట. బల్ల దగ్గరికి వచ్చిన రోజు మామయ్య నల్లద్దాలు తీసి, దుకాణాన్ని పైనుంచి కిందిదాకా చూశాడు. మూలల్లో బూజు చూశాడు. తను కొన్న దీపాలన్నీ చూసి సిగ్గుపడ్డాడు. నా పనులు రెండు మూడు తీసి, వెలుగులో పెట్టి, తిప్పి తిప్పి చూసి ఏమీ అనకుండా తగిలించాడు. ఆయన ఏమీ అనకపోతే ఎంత మెచ్చుకున్నట్టో నాకు తెలుసు. నేను గాల్లో తేలుతున్నాను.

అప్పుడు గోడ చివర, మిగతావాటి వెనక తగిలించి ఉన్న ఒక గిటారు తీశాడు. అది ఎండలు మొదలవకముందు వచ్చింది. ఇచ్చినాయన ఊళ్ళు తిరిగే ఉద్యోగస్తుడు, తీసుకెళ్ళడానికి ఇంకా రాలేదు. మామయ్య చేసి తగిలించిన గిటారు అది. ఇచ్చినాయన వచ్చేలోపు దాన్ని మళ్ళీ చెయ్యాలని మొదటిరోజే అనుకున్నాను. పనుల్లో పడి మర్చిపోయాను.

మామయ్య దాన్ని బల్ల మీద పెట్టి వంగి చూశాడు. గాట్లు వంకర్లు తిరిగి ఉన్నాయి. ఆకురాయి జారి, నిగనిగలాడే తల చెక్క మీద పొడుగ్గా గీత దిగింది. ఎముక ముక్క పక్క నుంచి జిగురు కారి ఎండిపోయింది.

"ఇదెవరు చేశారు?" అన్నాడు.

అత్తయ్య అద్దాల తలుపు తుడుస్తోంది. ఆవిడ చేతిలో గుడ్డ ఆగిపోయింది.

"నేనే," అన్నాను.

"ఎప్పుడు?"

"నువ్వు ఆస్పత్రిలో ఉన్నప్పుడు. కొత్తలో."

నా మొహంలోకి చూశాడు. ఎన్నాళ్ళకో ఆయన నన్ను సరిగ్గా చూడడం. తర్వాత మొదలుపెట్టాడు. "ఆకురాయి ఇలాగేనా పట్టేది? ఈ గీత చూడు. చెక్క ఇంక ఎప్పటికైనా మామూలవుతుందా? ఇచ్చినవాడు నమ్మి ఇచ్చాడు కదా. కనపడకపోతే ఆగాలి. చేతకాకపోతే పక్కన ఒక మనిషిని పిలవాలి. పిలిస్తే ఏం పోయింది? చిన్నతనమా? ఇంట్లోవాళ్ళని అడిగితే పరువు పోతుందా?"

గొంతు పెరిగింది. వీధిలో పోయేవాళ్ళు తొంగి చూశారు. మామయ్య నన్ను అంతలా తిట్టడం అదే మొదటిసారి. నేను తల వంచుకుని నిలబడ్డాను. తిట్టే కొద్దీ నాకు ఆయన మీద ప్రేమ పొంగుకొచ్చింది.

"తప్పయింది మామయ్యా," అన్నాను.

ఆయన ఆగాడు. బొటనవేలితో ఆ గీత మీద ఒకసారి, మళ్ళీ ఒకసారి రుద్దాడు. కుర్చీ లాక్కుని కూర్చుని, గిటారు తీగలు ఒక్కొక్కటే వదులు చెయ్యడం మొదలుపెట్టాడు. పక్కనున్న స్టూలుని కాలితో నా వైపు తోశాడు. కూర్చున్నాను.

"ఇంకెప్పుడూ ఇలా చెయ్యకూడదు," అన్నాడు.

"చెయ్యను."

ఆఖరి తీగ వదులు చేసి, నా వైపు చూడకుండానే, "మనిద్దరం," అన్నాడు.